ఎర్ర బండి, తోటక్క, నా ఇంజనీరింగు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. అలాంటివి ఏవైనా ఉన్నాయేమో నాకు తెలియదు, అంతే. రాష్ట్రం రెండుగా విడిపోయి, కొత్త రాజధాని ఎక్కడ పెడతారని ప్రొద్దుటూరు టీ అంగళ్ల ముందర జనం గొంతులు పోయేలా వాదించుకుంటున్న కాలమది. నేను మెకానికల్ డిప్లొమా అప్పుడే ముగించాను. మా తరగతిలో ఆడపిల్లలం ఇద్దరమే. ఆ రెండో పిల్ల పెళ్లి చేసుకుని మైదుకూరు వెళ్లిపోయింది కాబట్టి, దేశంలోని ఆడ ఇంజనీర్ల భారమంతా నా ఒక్కదాని భుజాల మీదే ఉన్నట్టు నడిచేదాన్ని. మా నాయన జమ్మలమడుగులో మిషను బడి పంతులు. ఆయన తండ్రీ పంతులే, తమ్ముడూ పంతులే, మా మేనత్త పంతులమ్మ, ఆమె భర్త కూడా (చాలాకాలం సైన్యంలో ఉన్నా చివరికి) డ్రిల్లు పంతులే. అలాంటి ఇంట్లో స్పానరు పట్టుకుని తిరిగే పిల్ల ఏమైపోతుందోనని నాయనకు బెంగ. "ఆర్నెల్లు సూస్తా పాపా. అంతలోపల యాడన్నా ఉద్యోగంలో నిలబడితివా, సంతోషం. లేకుంటే గమ్మున డిగ్రీ కట్టి టీచర్ ట్రైనింగుకు పోవాల" అన్నాడు. మా అమ్మ ప్రార్థనలో "ప్రభువా, ఈ పిల్లకు మంచి ఉద్యోగం ఇయ్యి, లేదంటే మంచి బుద్ధన్నా ఇయ్యి" అని రెండూ కలిపి అడిగేది.

రెండో నెలలో ఉద్యోగం దొరికింది. యజమానిది ప్రొద్దుటూరులో మూడు తరాలుగా చీరలమ్మిన కుటుంబం. అన్నదమ్ములు వేరుపడినప్పుడు చీరల అంగడి అన్నకు పోయి, ఈయన వాటాకు పెద్ద రోడ్డు పక్క ఖాళీ గోడౌను వచ్చింది. అందులో కలుపు తీసే యంత్రాలు, మందు కొట్టే పంపులు పెట్టి అమ్మేవాడు. సరుకు మారింది గాని అలవాటు మారలేదు. పంపునైనా సరే రెండు చేతుల మీద పరిచి, వాకిట్లో వెలుతురుకు పట్టి మరీ చూపించేవాడు. అందుకే మేమంతా ఆయన్ను చాటుగా 'చీరల సారు' అనేవాళ్లం. నేను ఉద్యోగం అడగడానికి వెళ్లిన రోజున గోడౌను నడిమధ్య కొత్తగా దిగిన వాహనమొకటి ఉంది. ఎర్రగా నిగనిగలాడుతూ, మోటారు సైకిలుకు నాలుగు లావు చక్రాలు తగిలించినట్టు ఉంది. రోడ్డు లేని చోట, రాళ్లలో, గుట్టల్లో పోవడానికట.

"ఇట్లాంటిది తోలినావా పాపా?" అన్నాడు చీరల సారు.

"తోలినాను సార్." (నేను అప్పటిదాకా తోలింది నాయన పాత స్కూటరు. అది కూడా బడి మైదానంలో, బడి లేనప్పుడు.)

"రిపేరొస్తే?"

"చేస్తాను సార్."

"పులివెందుల పక్క చీనీ తోటలోళ్లకు ఇది పనికొస్తాదా?"

"వాళ్ల కోసమే చేసినట్టుంది సార్."

మూడు ప్రశ్నలకు మూడు అబద్ధాలు చెప్పి ఉద్యోగం సంపాదించాను. బండితో పాటు వచ్చిన పుస్తకాన్ని ఆ వారమంతా బైబిలు కన్నా శ్రద్ధగా చదివాను (ఈ మాట మా అమ్మకు ఇప్పటికీ తెలియదు). కంపెనీ కేటలాగులో ఈ ఎర్రదాని పక్కనే ఆకుపచ్చది ఇంకొకటి ఉంది. దానికి ముందూ వెనకా సామాను కట్టుకునే ఇనుప చట్రాలు, నాలుగు చక్రాలకూ ఇంజను బలం, వెనక ట్రాలీ తగిలించే కొక్కెం. మరి అది తెప్పించకుండా ఇది ఎందుకు తెప్పించారని గోడౌను మనిషిని అడిగితే, "సారుకు ఆ రంగు నచ్చలేదమ్మా" అన్నాడు.

మూడు నెలలపాటు ఎర్ర బండిని జనం వచ్చి చూశారు. తట్టి చూశారు. పెళ్లికొడుకులు ఎక్కి ఫొటోలు దిగారు. కొన్నవాళ్లు లేరు. చివరికి వేంపల్లె అవతల నుంచి ఒక రైతు ఫోను చేశాడు. వాళ్లకు కొండ కింద ఒక చీనీ (బత్తాయి) తోట, కొండ మీద ఇంకొకటి. పైతోటకు ట్రాక్టరు ఎక్కదు, బైకు జారుతుంది, మనుషులు మోసుకుని దిగలేక కాయ చెట్టుకే మాగిపోతోంది. బండి తెచ్చి ఎక్కించి చూపిస్తే తీసుకుంటామన్నాడు. చీరల సారు నన్ను పిలిచాడు. "పాపా, ఈ బండి పోయిందా, నీ ఉద్యోగం గట్టి. పోలేదనుకో, నేను ఇంకొకర్ని సూసుకోవాల" అన్నాడు. నాయన పెట్టిన గడువుకు మూడు వారాలే ఉంది.

బయలుదేరే పొద్దున చీరల సారు భార్య గోడౌనుకు వచ్చి బండికి పూజ చేసింది. టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. బొట్టు పెట్టాలంటే బండికి నుదురు ఏదో ఆమెకు తెలియలేదు. చుట్టూ తిరిగి చూసి చూసి, ఎత్తుగా గుండ్రంగా కనిపించిన పెట్రోలు ట్యాంకు మూత మీద చిక్కటి గంధం మెత్తి, పైన పసుపూ కుంకుమా ధారాళంగా పెట్టింది. నేను పక్కన నిలబడి కళ్లు మూసుకుని మా పద్ధతిలో నేనూ ప్రార్థించుకున్నాను. రెండు వైపులా గట్టిగా చెప్పుకున్నాం, ఇక భయం లేదనుకున్నాను. ట్రాలీ ఆటోలోకి ఎక్కించే ముందు పక్కనున్న పంక్చరంగడాయన చక్రాలను బొటనవేలితో నొక్కి, "ఇంత లావు టైరుకు ఇంత మెత్తగా ఉండాదేందప్పా గాలి" అని, లారీ చక్రానికి కొట్టినట్టు నాలుగింటికీ దిట్టంగా కొట్టేశాడు. గాలి ఎంత ఉండాలో టైరు మీదే అచ్చేసి ఉంది. నేను చదివాను కూడా. అయినా అనుభవమున్న పెద్దాయన చెబుతుంటే మనమేం అంటాంలే అని ఊరుకున్నాను.

కింది తోట గేటు దగ్గర ఫోను చేసిన రైతు సారుకూ నాకూ ఎదురొచ్చాడు. ఆయన పక్కన వాళ్లక్క నిలబడి ఉంది. నలుపు, సన్నం, అరవై ఏళ్లు ఉంటాయేమో, పైట కొంగు నడుముకు బిగించి, చేతిలో కొడవలి. ఊరంతా ఆమెను 'తోటక్క' అంటారట. భర్త చనిపోయినప్పటి నుంచి పైతోట అంతా ఆమే చూసుకుంటోంది. బండి కావలసింది ఆమెకే.

"నమస్తే అవ్వా" అన్నాను వినయంగా.

"అవ్వ యాడుందమ్మే ఈడ?" అని అటూ ఇటూ చూసింది. "పెద్దమ్మా అను, సాలు. ఏందీ, బండి నువ్వు తోలతావా? శానా సంతోషం. పా, పోదాం" అని కొడవలి నడుముకు దోపి నా వెనక ఎక్కి కూర్చుంది. చీరల సారు, ఆ రైతు షెడ్డు కింద మంచం మీద కూర్చుని చీనీ రసం తాగుతూ మమ్మల్ని సాగనంపారు. నేను బండిని జుయ్యిమని దూకించాను. వెనక నుంచి చప్పట్లు కూడా వినిపించాయి. నడుమ ఒక వంక వచ్చింది. నీళ్లు లేవు, ఒట్టి ఇసుక. వేగంగా ఉన్నాం కాబట్టి అది అడ్డమనిపించకుండానే దాటేశాం. ప్రతి రాయికీ బండి బంతిలా ఎగిరిపడుతోంది. "నడుము పాయె" అని తోటక్క అంటుంటే, "సస్పెన్షన్ కొత్తది పెద్దమ్మా, అట్లే ఉంటుంది" అని సర్దిచెప్పాను.

పావుగంట పోయాక బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నేను దిగి, పుస్తకంలో చెప్పిన వరసలో మొదలుపెట్టాను. ప్లగ్గు ఊడదీసి చూశాను. తుడిచాను. బిగించాను. లేవలేదు. చివరికి పెట్రోలు ఉందో లేదో చూద్దామని ట్యాంకు మూత తీశాను. స్స్ మని చప్పుడు వచ్చింది. "లోపల ప్రెషర్ బాగుంది" అన్నాను గంభీరంగా. ట్యాంకు నిండా పెట్రోలు. మూత పెట్టి స్టార్టరు నొక్కగానే బండి లేచింది. "ప్లగ్గు ప్రాబ్లం పెద్దమ్మా" అన్నాను. ఇంకో పావుగంటకు మళ్లీ దగ్గింది, ఆగింది. ఈసారి గాలి వడపోసే జల్లెడ ఊడదీసి దులిపాను. మళ్లీ చివర్న మూత తీసి పెట్రోలు చూశాను. మళ్లీ స్స్. మళ్లీ లేచింది. "ఎయిర్ ఫిల్టర్" అన్నాను. మూడోసారి ఏకంగా మలుపు మధ్యలో, ఒక పక్క లోయ కనిపించే చోట ఆగింది. నాకు చెమటలు కారుతున్నాయి. కార్బురేటరు, ఎత్తు ప్రదేశాలు, ఆక్సిజను అంటూ నాకొచ్చిన ఇంగ్లీషంతా వాడేశాను. తోటక్క రాయి మీద కూర్చుని నన్నే చూస్తోంది.

"ఒక మాట చెప్తా, ఏమనుకోవుగా" అంది.

"చెప్పు పెద్దమ్మా."

"నువ్వు ఏమేమో ఊడబీకతాండావు. అవన్నీ ఊడబీకినప్పుడు లెయ్యలా. నువ్వు ఆ మూత తీసినప్పుడల్లా లేస్తాంది. దానికి ఊపిరాడతాండ్లేదు పాపా."

"ఊపిరా?"

"మా తోట్లో ఎరువు నీళ్లు కలిపే డ్రమ్ము ఉండాది. మూత బిగిచ్చి పెడితే కింద కుళాయిలో సుక్క రాదు. మూత రవ్వంత ఎత్తితే బుడబుడా వస్తాది. లోపలికి గాలి పోకుండా బయటికి నీళ్లు యాడొస్తాయమ్మే?"

గాలి పీడనం గురించి రెండో సంవత్సరం పరీక్షలో బొమ్మ వేసి, బాణం గుర్తులు పెట్టి, రంగు పెన్సిలుతో దిద్ది మరీ మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. మూత వైపు చూశాను. దాని నడినెత్తిన గాలి పోవడానికి సూదిమొన పట్టేంత బెజ్జం ఉంటుందని పుస్తకంలో ఉంది. ఇప్పుడు ఆ చోట గంధం ఎండి, పెళ్లికూతురి బొట్టులా మెరుస్తోంది. తోటక్క గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసి బెజ్జంలో తిప్పింది. పొడి రాలింది. పిన్నీసును కొంగుకు తుడుచుకుని మళ్లీ గాజుకు పెట్టుకుంటూ, "నీ సదువుకు నేను అడ్డమొచ్చినట్టుండాను, ఏమనుకోవద్దు" అంది. ఆ తర్వాత బండి ఆగితే ఒట్టు.

పైతోట చేరాక ఒక కాయ కోసి, తొక్క వలిచి, తొనలు నా చేతిలో పెట్టింది. కడుపు చల్లబడింది. చెట్ల కింద మాగి రాలిన కాయలు పసుపుపచ్చగా పరిచినట్టున్నాయి. ఆమె కాలితో ఒకదాన్ని పక్కకు జరిపింది. "పోతా పోతా ఖాళీగా యాల పోవాల? రెండు మూటల కాయ దించుదాం" అంది. ఎర్ర బండికి మూటలు పెట్టే చోటు లేదు. సీటు వెనక అడ్డంగా వేసి తాడుతో కట్టాం. ఆమెకు చోటు లేకపోయింది. "నువ్వు మెల్లగా పో, నేను ఎనక నడిచొస్తా" అంది. సుఖంగా తిరగడానికి బండి కొనబోయే మనిషిని బండి వెనక నడిపించుకుంటూ బయలుదేరాను.

సగం దిగాక ఇరుకు దారిలో ఎదురుగా గొర్రెల మంద. గొర్రెలాయన చేయి ఊపి, "బండి ఎనక్కు తియ్యమ్మా" అన్నాడు. నేను గేరు కోసం వెతికాను. పుస్తకంలోని ఆ పేజీ అప్పుడు గుర్తొచ్చింది.

"ఎనక్కు రాదన్నా ఇది."

"ఎనక్కు రాని బండి ఏం బండిమ్మా?" అన్నాడాయన. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

నేను, తోటక్క, గొర్రెలాయన కలిసి బండి వెనక భాగం ఎత్తి పక్కకు పెట్టాం. మంద మమ్మల్ని తోసుకుంటూ వెళ్లింది. అక్కడి నుంచి వంకలోకి దిగాను. పొద్దున తేలిగ్గా దాటిన ఇసుకే. ఇప్పుడు వెనక బరువుంది, వేగం లేదు. చక్రాలు గిరగిరా తిరిగి ఇసుకలో గుంత తవ్వుకుని, ఇరుసు దాకా కూరుకుపోయాయి. ఆ కుదుపుకు తాడు తెగింది. మూటలు పడ్డాయి, నోళ్లు విచ్చుకున్నాయి, చీనీ కాయలు వంక పొడుగునా దొర్లుకుంటూ పోయాయి. కాయ వాసనకు మందలో నుంచి పది పన్నెండు గొర్రెలు వెనక్కి తిరిగొచ్చి తినడం మొదలుపెట్టాయి. గొర్రెలాయన వాటిని తిడుతున్నాడు, తోటక్క గొర్రెలాయన్ను తిడుతోంది, నేను హ్యాండిలు పట్టుకుని ఏడుపు ఆపుకుంటున్నాను.

పుస్తకం మొత్తంలో నాకు పూర్తిగా అర్థమైన పేజీ ఒక్కటే ఉంది. ఇసుకలో దిగబడితే చక్రాల్లో గాలి తగ్గించమని. పంక్చరంగడాయన కొట్టిన గాలి గుర్తొచ్చింది. తోటక్క దగ్గర పిన్నీసు అడిగి తీసుకుని, ఒక్కో చక్రం దగ్గర కూర్చుని, టైరు అరటిపండులా మెత్తబడేదాకా గాలి వదిలాను. "ఉన్న గాలి కూడా తీసేస్తాంది, ఈ పాపకేమన్నా అయ్యిందా" అని గొర్రెలాయన తోటక్కను అడగడం వినిపించింది. తర్వాత బండి ఎక్కి మెల్లగా కదిలించాను. మెత్తబడ్డ చక్రాలు వెడల్పుగా పరుచుకుని, ఇసుకను పట్టుకుని, గట్టు దాకా ఒక్క ఊపున తీసుకొచ్చి పెట్టాయి. నా జీవితంలో మొదటి రిపేరు అదే.

మిగిలిన కాయలు ఏరుకున్నాక ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. తోటక్క కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అంగడి మాట వద్దు పాపా. నీ మాట చెప్పు. ఇది నేను తీసుకోవచ్చునా?"

చీరల సారు గుర్తొచ్చాడు. నాయన గుర్తొచ్చాడు. నల్లబల్ల ముందు సుద్దముక్కతో నిలబడ్డ నేను కూడా కనిపించాను. అవన్నీ పక్కనే ఉండగా నా నోరు దానంతటదే, "వద్దు పెద్దమ్మా" అంది. ఒకసారి మొదలైతే ఇక ఆగలేదు. ఇది చదునుగా ఉన్న చోట పరుగెత్తడానికి చేసింది. దీనికి బలమంతా వెనక చక్రాలకే. కింద గొలుసు రాళ్లకు తగులుతోంది. మూట పెట్టే చోటు లేదు, వెనక్కి రాదు. నీకు కావలసింది బరువుతో మెల్లగా ఎక్కేది, నాలుగు చక్రాలూ పట్టేది, ఆకుపచ్చది ఉంది, మా సారుకు రంగు నచ్చక తెప్పించలేదు. అన్నీ చెప్పేశాను. ఊపులో, "నేను ఇట్లాంటి బండి ఇంతకుముందు తోలనే లేదు పెద్దమ్మా" అని అదీ చెప్పేశాను.

"అది నాకు ఎక్కేటప్పుడే తెలిసెలే" అంది తోటక్క. "బ్రేకు కోసం కాలితో స్కూటర్లో ఎతికినట్టు ఎతుకుతాంటివి."

కింది తోటలో చీరల సారు లేచి నిలబడ్డాడు. "ఎట్లుందమ్మా బండి?" అన్నాడు నవ్వుతూ. తోటక్క తమ్ముడి వైపు తిరిగి, "ఎర్రది వద్దురా. పచ్చది ఉండాదంట, అది తెప్పీమను" అంది. సారు నవ్వు ఆగింది. "పచ్చది సంగతి ఎవరు చెప్పిరమ్మా మీకు?" "మీ పాపే."

తిరుగు ప్రయాణంలో సారు ట్రాలీ ఆటోలో ముందు కూర్చున్నాడు. నేను వెనక, ఎర్ర బండి పడకుండా పట్టుకుని. ఎర్రగుంట్లలో ఆటో ఆపించి టీ తాగాడు. ఒక గ్లాసు పట్టుకుని వెనక్కి వచ్చి నా చేతికిచ్చాడు. ఇదే చివరి టీ అనుకున్నాను.

"చిన్నప్పుడు అంగట్లో మా నాయన నన్ను చెంప మింద కొట్టినాడు" అన్నాడు రోడ్డు వైపు చూస్తూ. "రంగు దిగే చీరని తెలిసి కూడా ఒకామెకు అమ్మినానని. అందరి ముందరా కొట్టినాడు. ఆయమ్మను మళ్లా పిలిపిచ్చి చీర మార్చి ఇచ్చినాడు." నా వైపు తిరిగి, "ఐనా అదేదో నాకు చెప్పాల కదా పాపా ముందు? తోట్లోకి పోయి చెప్పడమేంది?" అన్నాడు.

"ఆమె అడిగింది సార్" అన్నాను గొణుగుతూ.

"నేనూ అడిగినా కదమ్మా, నువ్వొచ్చిన పొద్దు."

టీ వేడిగా ఉన్నా గటగటా తాగేశాను.

ఆయన నన్ను తీసేయలేదు. పచ్చది తెప్పించడానికి మాత్రం రెండు నెలలు పట్టింది (ఆ రెండు నెలల్లో 'రంగు చూడు రంగు' అని కేటలాగు నాకు చూపించి చాలాసార్లు నిట్టూర్చాడు). ఎర్రదాన్ని జమ్మలమడుగు అవతల గండికోట దగ్గర టూరిస్టుల కోసం గుడారాలు వేసేవాళ్లకు నేనే చూపించి అమ్మించాను. అక్కడ చదునైన నేలలో పిల్లలను కూర్చోబెట్టుకుని గుండ్రంగా తిరగడమే పని; దానికి అంతకన్నా మంచి బండి లేదు. గడువు దాటిన వారానికి నాయన ఏదో పని ఉన్నట్టు గోడౌనుకు వచ్చి, "మా పిల్ల ఎట్ల జేస్తాంది సార్?" అని అడిగాడు. చీరల సారు ఆలోచించి, "పనైతే నేర్చుకుంటాంది. నిజాలే రవ్వంత ఎక్కువ చెప్తాంది" అన్నాడు. ముప్పై ఏళ్లు పిల్లల చేత నిజాలు చెప్పించడానికి తంటాలు పడిన మనిషికి ఆ మాట ఎంత నచ్చిందంటే, టీచర్ ట్రైనింగు ఊసు మళ్లీ ఎత్తలేదు.

పచ్చ బండి దించిన రోజున తోటక్కకు తోలడం నేర్పడానికి నేనొక్కదాన్నే వెళ్లాను. మధ్యాహ్నం దాకా నేను ముందు, ఆమె వెనక. మధ్యాహ్నం తర్వాత ఆమె ముందు, నేను వెనక. సాయంత్రం ఆమె ఎనిమిది మూటలతో వంక దాటుతుంటే, నేను కళ్లు మూసుకుని ఆమె నడుము కరుచుకుని కూర్చున్నాను. "బయపడతాండావా పాపా?" అంది. లేదన్నాను. వేంపల్లె పోయే బస్సు ఆగే చోట నన్ను దించి, ఒక సంచి కాయలు ఒళ్లో పెట్టి, తల కూడా తిప్పకుండా వెళ్లిపోయింది.

బస్సులో పక్కసీటామె నా చేతులు చూసి, "ఏంది పాపా, చేతులకు ఆ మసి?" అంది. వేళ్ల నిండా నల్లటి నూనె, గోళ్ల కింద కొండ మట్టి. "మసి కాదక్కా, ఇంజను ఆయిలు" అన్నాను. ఇప్పుడు నాకు ప్రొద్దుటూరులో సొంత షెడ్డు ఉంది. సాయంత్రం ఇంటికి పోయే ముందు కిరసనాయిలుతో, రంపపు పొట్టుతో, సబ్బుతో మూడుసార్లు చేతులు రుద్దుకుంటాను, అయినా అన్నంలో కిరసనాయిలు వాసన వస్తోందని మా ఆయన అంటాడు. అప్పటి నాలోని పిల్ల మాత్రం ఆ రోజు వేంపల్లె నుంచి ప్రొద్దుటూరు దాకా, బస్సు ఎక్కే దిగే వాళ్లందరికీ కనిపించేలా, రెండు చేతులూ ఒళ్లో సంచి మీద వెల్లకిలా పెట్టుకుని కూర్చుంది. ఇంకా ఎవరైనా అడుగుతారేమోనని చూసింది. ఎవరూ అడగలేదు. అయినా దిగేదాకా చేతులు తీయలేదు.